చేదు తేనె అంటే పాడైన తేనేనా? ఏడు సీసాలు, ఒక ఈగల పెట్టె

#1 తేనెచుక్క

అందరికీ నమస్కారం. స్నేహితులు నలుగురు కలిసి పుట్టినరోజు కానుకగా నాకు ఏడు రకాల తేనె పంపారు. ఒక్కో సీసాలో యాభై గ్రాములకు మించి లేదు. ఇన్నేళ్లూ తేనె అంటే ఒకే రంగు, ఒకే తీపి అనుకున్నదాన్ని. నిన్న రాత్రి ఏడింటినీ వరుసగా పెట్టి దీపం వెలుగులో చూస్తే ఒకటి నీళ్లలా ఉంది, ఒకటి తారులా ఉంది, ఒకటి వెన్నలా పేరుకుని ఉంది. ఇంకొకటి మరీ విచిత్రం. సీసా తలకిందులు చేసినా కదలదు. చెంచాతో నాలుగు తిప్పులు తిప్పితే మామూలు తేనెలా జారుతుంది.

అసలు సంగతి ఆరో సీసా. సార్డీనియా ద్వీపానిదని రాసి ఉంది. నాలుక మీద పెట్టగానే తీపి, రెండు క్షణాలకు చేదు. మాత్ర మింగుడు పడక నోట్లోనే కరిగిపోతే ఉంటుందే, ఆ చేదు. ఇది పాడైందా? పారేయాలా?

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే అడిగేస్తాను. తేనెటీగలను పెంచాలన్న కోరిక నాకు చాలా కాలంగా ఉంది. ఈ సీసాలు చూశాక అది ఆగేలా లేదు. పెట్టె కొనే ముందు ఏమేం తెలుసుకోవాలి?

#2 నాలుకరాయుడు

పారేయకండి, మీకు పుణ్యముంటుంది! ఆ చేదు కోసమే దాన్ని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లున్నారు. ఇటలీలో దాన్ని కొర్బెత్సొలో అంటారు. స్ట్రాబెర్రీ చెట్టు అనే పొద పూల నుంచి వస్తుంది. పేరే తప్ప మనం తినే స్ట్రాబెర్రీకీ దానికీ చుట్టరికం లేదు. ఆ పొద శరత్తు చివర, చలి మొదలయ్యే వేళ పూస్తుంది. అప్పటికి పట్టులో ఈగల సంఖ్య తగ్గిపోయి ఉంటుంది. వాన లేకుండా ఎండ కాసే పగళ్లు కొన్నే దొరుకుతాయి. తెచ్చిన కాస్తలో చాలావరకు చలికాలం గడవడానికి అవే తినేస్తాయి. మిగిలితే మనిషికి. మీ యాభై గ్రాములు అలా మిగిలినవి.

తలకిందులు చేసినా కదలనిది హెదర్ తేనె అయి ఉండాలి. స్కాట్లండ్ కొండనేలల్లో ఊదారంగుగా విరగబూసే పొద అది. ఆ తేనెలోని మాంసకృత్తుల వల్ల కదపకుండా ఉంచితే జెల్లీలా నిలబడిపోతుంది, కలిపితే పలచబడుతుంది. తీసేవాళ్లకు నరకం. పట్టు కట్టిన చట్రాన్ని యంత్రంలో పెట్టి గిరగిర తిప్పితే మామూలు తేనె బయటికి చిమ్ముతుంది, ఇది మాత్రం గదుల్లోంచి కదలదు. పట్టునే పిండాలి, లేదా ముందు గది గదినీ సూదులతో కదిపి ఆ తర్వాత తిప్పాలి.

మిగతా సీసాల చీటీల మీద ఏముందో రాయండి.

#3 తేనెచుక్క

అమ్మయ్య. చెత్తబుట్ట దాకా వెళ్లి వచ్చింది ఆ సీసా.

చీటీలు ఇలా ఉన్నాయి: నీళ్లలాంటిది రోబినియా అనే చెట్టు పూలది. వెన్నలాంటిది ఆస్ట్రేలియాలోని టాస్మేనియా నుంచి, లెదర్‌వుడ్ అనే చెట్టు పూలది. తారులాంటిది బక్‌వీట్ అనే గింజ పంట పూలది. హెదర్ మీరన్నట్టే. ఎర్రని గోధుమరంగులో ఉన్నది తుర్కియే (టర్కీ) పైన్ అడవిది. ఆరోది చేదుది. ఏడోది మెక్సికోలోని యుకటాన్ నుంచి వచ్చింది, కంటి చుక్కల సీసా అంత ఉంది. పలచగా, పుల్లగా ఉంది. పులిసిపోయిందని మా ఇంట్లో తీర్పు చెప్పేశారు. చేదుదాని విషయంలో ఒకసారి తప్పాం కాబట్టి ఈసారి మిమ్మల్ని అడిగాకే.

#4 నాలుకరాయుడు

మీ స్నేహితులు గట్టివాళ్లు! ఆ ఏడోదాని కోసం నేను మూడేళ్లుగా చూస్తున్నాను. అది కుట్టని తేనెటీగలది. ముల్లు పేరుకే ఉంటుంది, కుట్టడానికి పనికిరాదు. అక్కడి మాయా జాతి ప్రజలు వందల ఏళ్లుగా వాటిని బోలు దుంగల్లో పెంచుతున్నారు. షునన్ కాబ్ అని వాటి పేరు. ఆరు పలకల గదులు కట్టకుండా, మైనం, చెట్ల జిగురు కలిపి ద్రాక్షపండంత కుండలు చేసి వాటిలో తేనె దాస్తాయి. నీటి పాలు మామూలు తేనె కంటే బాగా ఎక్కువ, అందుకే పలచన. పులుపు దాని సహజగుణం. చల్లగా ఉంచండి, త్వరగా వాడేయండి.

పైన్ తేనె కథ ఇంకా బాగుంటుంది. అది పూలది కానే కాదు. పైన్ బెరడు మీద ఒక చిన్న కీటకం చెట్టు రసం పీల్చి, వాడుకోగా మిగిలిన తీపినీటిని బయటికి వదులుతుంది. ఈగలు దాన్ని ఏరుకొస్తాయి. ఆ మాట ముందే చెబితే సగం మంది నోట్లో పెట్టుకోరు. అందుకని నేను రుచి చూపించాకే చెబుతాను.

ఇక రుచి చూసే తీరు. వెలిసిన రంగు నుంచి ముదురు రంగుకు రండి. మొదట రోబినియా, చేదుది చిట్టచివర. ఒక్కోదాన్నీ చిన్న గాజు గ్లాసులో చెంచాడు వేసి, మూత పెట్టి పావుగంట వదిలేయండి. మూత తీసిన మొదటి క్షణం ముక్కుదే, నోటిది కాదు. తర్వాత చెంచాతో గ్లాసు గోడకు పలచగా పూసి మళ్లీ వాసన చూడండి. పూసినప్పుడు వాసన విచ్చుకుంటుంది. అప్పుడు ఒక్క గ్రాము నాలుక మీద పెట్టుకుని, నమలకుండా, కరిగేదాకా ఆగండి. మధ్య మధ్య నీళ్లు, ఒక ఆపిల్ ముక్క. ఒక పూటకు ఏడు మించవద్దు, నాలుక మొద్దుబారిపోతుంది.

ఒక్క పరీక్ష మాత్రం తప్పకుండా చేయండి. ముక్కు గట్టిగా మూసుకుని తేనె నోట్లో పెట్టుకోండి. తీపి, పులుపు, చేదు అంతవరకే తెలుస్తాయి. పదిదాకా లెక్కపెట్టి ముక్కు వదలండి. అప్పుడు వస్తుంది చూడండి పువ్వు!

రాసుకునేటప్పుడు 'బాగుంది' అని రాయకండి. అది మీ గురించి చెబుతుంది, తేనె గురించి కాదు. పూల వాసనా, పండు వాసనా, కాల్చిన చక్కెరా, తడి చెక్కా, పచ్చిగడ్డా, మందుల అలమరా, గొడ్ల కొట్టమా? నవ్వకండి, చివరిది నిజంగానే ఉంది. బక్‌వీట్ తెరవగానే మీకే తెలుస్తుంది. ఇటలీలో తేనె రుచి చూసే నిపుణులకు శిక్షణా పరీక్షా పెట్టి జాతీయ జాబితాలో పేరు ఎక్కిస్తారు. వాళ్లు వాడే మాటలు కూడా ఇలాంటివే.

#5 నిక్కచ్చి

ఒక్క మాట. వెన్నలా పేరుకున్న తేనెను మెచ్చుకుంటున్నారు. అసలైన తేనె ఎన్నటికీ గడ్డకట్టదు. నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా అడుగుకు చేరాలి. వత్తి ముంచి వెలిగిస్తే మండాలి. చీమలు పట్టకూడదు. మా తాతగారి కాలం నుంచి మా ఇంట్లో ఇవే పరీక్షలు. ఇన్ని దేశాల పేర్లు వద్దు, ఈ మూడూ చాలు.

#6 గాజుగొట్టం

నిక్కచ్చి గారూ, మీ తాతగారి మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను. నా ఉద్యోగం ఆహార పరీక్షల ప్రయోగశాలలో. మీరు చెప్పిన మూడు పరీక్షల్లోనూ నేను చక్కెర పాకాన్ని నెగ్గించి చూపగలను.

చిక్కగా కాచిన పాకం చుక్క కూడా నీళ్లలో నేరుగా అడుగుకే పోతుంది. ఆ పరీక్ష చిక్కదనాన్ని చెబుతుంది, పుట్టుకను కాదు. వత్తి మండటం తేమను బట్టి ఉంటుంది. పోనీ అసలైన తేనె నెగ్గుతుందా అంటే, నాలుకరాయుడు గారు మూడేళ్లుగా వెతుకుతున్న ఆ పలచని తేనె మీ మొదటి పరీక్షలోనే ఓడిపోవచ్చు!

గడ్డకట్టడానికి వద్దాం. తేనెలో ప్రధానంగా రెండు చక్కెరలుంటాయి, గ్లూకోజు, ఫ్రక్టోజు. గ్లూకోజు నీటిలో తక్కువగా కరుగుతుంది కాబట్టి అదే ముందు పలుకులు కడుతుంది. రోబినియాలో ఫ్రక్టోజు పాలు ఎక్కువ, నెలల తరబడి నీళ్లలాగే ఉంటుంది. ఆవ కుటుంబపు రేప్‌సీడ్ పూల తేనెలో గ్లూకోజు ఎక్కువ. పెంపకందారు వారం పది రోజులు బద్ధకిస్తే పట్టులోనే రాయిలా బిగుస్తుంది. 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర పలుకు కట్టడం అన్నిటికంటే వేగం. 1930లలో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో డైస్ అనే ఆయన దీన్నే పద్ధతిగా మలిచాడు. సన్నని పలుకులున్న తేనెను కొద్దిగా తోడులా వేసి చల్లగా ఉంచితే మొత్తం వెన్నలా పేరుకుంటుంది. పాలు తోడుపెట్టినట్టే అనుకోండి.

నిజంగా కల్తీ పట్టాలంటే యంత్రాలు కావాలి. చెరకు, మొక్కజొన్న పాకాలు కలిపితే కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువుల) నిష్పత్తి మారి దొరికిపోతాయి. బియ్యం, బీట్ దుంప పాకాలు ఆ వలలోంచి జారిపోతాయి. వాటికి వేరే పరీక్షలున్నాయి. ఏ పువ్వుదో తేల్చడానికి మైక్రోస్కోపు కింద పుప్పొడి రేణువులను లెక్కిస్తారు.

పేరుకున్న తేనెను కరిగించాలంటే సీసాను 40 డిగ్రీల నీళ్లలో నిదానంగా ఉంచండి. పొయ్యి మీద పెట్టవద్దు. వేడికీ, ఏళ్ల తరబడి నిలవకూ తేనెలో హెచ్‌ఎమ్‌ఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో దానికి కిలోకు 40 మిల్లీగ్రాములు హద్దు, ఉష్ణమండలపు తేనెకు 80. దాని మాట అటుంచినా, వేడికి ముందుగా ఎగిరిపోయేది ఇందాక మీరు ముక్కుతో పట్టుకున్న ఆ పువ్వే.

#7 నిక్కచ్చి

సరే. నీళ్లు, వత్తి వదులుకుంటాను. చీమల సంగతి మాత్రం నేనే స్వయంగా తేలుస్తాను.

#8 దారితప్పినవాడు

పెద్దలకు నమస్కారం. నేపాల్ కొండల్లో మత్తెక్కించే తేనె ఉంటుందట కదా. ఎవరైనా తిన్నారా? ఎంత తింటే తెలుస్తుంది?

#9 గాజుగొట్టం

ఎంత తింటే అన్న ప్రశ్నకే జవాబు లేదు, అందుకే తినవద్దు. అది రోడోడెండ్రాన్ అనే కొండమొక్కల్లో కొన్ని రకాల పూల తేనె. గ్రేయనోటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఏ ఏడాది, ఏ కొండ, ఏ పట్టు అన్నదాన్ని బట్టి మోతాదు మారిపోతుంది. ఒక చెంచాకు ఏమీ కాని మనిషి ఇంకో సీసాలోని చెంచాకు పడిపోవచ్చు. గుండె కొట్టుకోవడం మందగిస్తుంది, రక్తపోటు పడిపోతుంది, వాంతులు, కళ్లు తిరగడం. మత్తు అని పేరు పెట్టారు గానీ పడ్డవాళ్లు చెప్పేది మత్తులా ఉండదు. క్రీ.పూ. 400 ప్రాంతంలో నల్లసముద్రపు తీరంలో గ్రీకు సైనికులు తిని చాలామంది నేలకొరిగారని, మూడు నాలుగు రోజులకు లేచారని వాళ్ల నాయకుల్లో ఒకడైన జెనోఫోన్ రాసిపెట్టాడు.

ఆ తేనె గురించి మాట్లాడాలంటే దాన్ని తెచ్చే గురుంగ్ తెగ మనుషుల గురించి మాట్లాడుకుందాం. కొండచరియకు తాళ్ల నిచ్చెన వేలాడదీసి, కింద పొగ పెట్టి, ప్రపంచంలోనే అతి పెద్ద తేనెటీగల మధ్య వెదురుగడతో పట్టు కోస్తారు. నాకు అది చాలు.

పనిలో పనిగా, ఏ తేనె అయినా సరే ఏడాది నిండని పసిపిల్లలకు నాకించకండి. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే సూక్ష్మజీవి బీజాలు అందులో ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగులు తట్టుకుంటాయి, పసివాళ్లవి తట్టుకోలేవు.

#10 పాతపెట్టె

ఆలస్యంగా చూశాను. తేనెచుక్క గారి రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఇరవై రెండేళ్లుగా ఈగలతో ఉన్నాను, చెప్పే అర్హత ఉందనుకుంటాను.

పెట్టె కొనకండి. ముందు ఒక పెంపకందారును పట్టుకోండి. పూలు మొదలయ్యే రోజుల నుంచి మళ్లీ పూల కరువు వచ్చేదాకా ఒక చుట్టు ఆయన వెంట తిరగండి. పొగ డబ్బా పట్టుకునే పనైనా ఫరవాలేదు. పుస్తకంలో బొమ్మ చూసి పిల్లపురుగులను గుర్తుపట్టడం వేరు, ఇరవై వేల ఈగలు కదులుతుంటే వాటి మధ్య గుర్తుపట్టడం వేరు.

తెలియాల్సిన అంకెలు కొన్నే. గుడ్డు నుంచి ఈగగా బయటికి రావడానికి రాణికి 16 రోజులు, కూలీ ఈగకు 21, పోతుటీగకు 24. ఈ మూడూ నోటికి వస్తే పెట్టెలో జరిగేది చాలావరకు లెక్కగట్టవచ్చు. గుడ్డు మొదటి రోజు గది అడుగున నిలువుగా ఉంటుంది, మూడో రోజుకు వాలిపోతుంది. నిలువు గుడ్డు కనబడితే నిన్నో ఇవాళో రాణి అక్కడ తిరిగిందన్నమాట. ఇక రాణి కోసం పెట్టెంతా వెతకనక్కరలేదు. కొత్తవాళ్లు ఆమెను వెతుకుతూ పెట్టెను అరగంట తెరిచిపెట్టి పిల్లలను చల్లబరుస్తారు. పిల్లల గది 34, 35 డిగ్రీల దగ్గర ఉండాలి, ఈగలు ఒళ్లు కదిపి మరీ ఆ వేడిని నిలబెడతాయి.

ఇంకో అంకె 6 నుంచి 9 మిల్లీమీటర్లు. చట్రాల మధ్య ఆ సందు వదిలితే ఈగలు దాన్ని దారిగా ఉంచుకుంటాయి. అంతకన్నా ఇరుకైతే చెట్టు జిగురుతో పూడ్చేస్తాయి, వెడల్పైతే అడ్డంగా పట్టు కట్టేస్తాయి. 1851లో అమెరికా పెంపకందారు లాంగ్‌స్ట్రాత్ దీన్ని పట్టుకుని పెట్టెకు అన్వయించాకే చట్రాన్ని పట్టు చెడకుండా పైకి తీసి మళ్లీ పెట్టడం సాధ్యమైంది. అంతకు ముందు చాలాచోట్ల తేనె కావాలంటే పట్టును చంపుకోవడమే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, మీరు చేయకండి. మొదటి ఏడాది ఆత్రంలో, గదులు నిండాయి కదా అని మైనపు మూతలు వేయకముందే నాలుగు చట్రాలు తీసి తేనె పట్టేశాను. రుచి అమోఘం. చుట్టాలందరికీ సీసాలు పంచాను. మూడు వారాలకు ఒక అర్ధరాత్రి వంటింట్లో 'టప్' మని శబ్దం. మూత ఎగిరి అటక మీద పడింది. తేనె నురగలు కక్కుతూ గోడ వెంట కారుతోంది. పొద్దున్నే చుట్టాల దగ్గర నుంచి ఫోన్లు. పూల రసంలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. ఈగలు రెక్కలతో విసిరి విసిరి దాన్ని 18 శాతం దాకా దించాక మూత వేస్తాయి. 'ఇక చాలు' అని అవి చెప్పే మాట ఆ మూత. నేను వాటి మాట మధ్యలో ఆపి తేనె లాక్కున్నాను. ఇప్పుడు తేమ కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంది, అయినా మొదట చూసేది మూతలనే.

మొదటి ఏడాది తేనె మీద ఆశ పెట్టుకోకండి. పట్టు కట్టుకోవడానికే వాటి సంపాదనంతా పోతుంది. రెండు పెట్టెలతో మొదలుపెట్టండి. ఒకటే ఉంటే అందులో ఏది మామూలు, ఏది జబ్బు అన్నది పోల్చుకోవడానికి ఉండదు.

#11 తేనెచుక్క

పాతపెట్టె గారూ, మీ అటక మీది మూత గురించి చదివి ఇంటిల్లిపాదీ నవ్వాం. ఒక పెద్దాయన దొరికారు, వచ్చే ఆదివారం రమ్మన్నారు.

ఈలోగా రుచుల సంగతి. ముక్కు మూసుకున్న పరీక్ష చేశాను. లెదర్‌వుడ్‌ను ముక్కు మూసి నోట్లో పెట్టుకుంటే ఒట్టి తీపి. వదలగానే తల లోపల పూలకొట్టు తలుపు తెరిచినట్టయింది. పైన్ తేనె తీపి తక్కువ, వెనక తడి చెక్క, కొంచెం ఉప్పదనం. బక్‌వీట్ మూత తీయగానే మా అమ్మ పక్కగదిలోంచి 'ఆ వాసనేమిటి?' అంది. నాలుకరాయుడు గారి గొడ్ల కొట్టం అదే! కానీ నోట్లో మాడిన చక్కెరలా ఉంది, నాకు నచ్చింది. రోబినియా గురించి ఏం రాయాలో తెలియలేదు. దాని గొప్ప ఏమీ లేకపోవడమేనా?

చేదుదాన్ని చివర చూశాను. ఈసారి భయం లేదు కాబట్టి ఆగాను. చేదు తగ్గాక కాఫీ గింజల వాసన లాంటిది చాలాసేపు నిలిచింది.

ఒక్క భయం ఉంది. కుడితే?

#12 మైనపువత్తి

నాకు కుట్టిన లెక్క నేను మానేశాను, కాబట్టి చెబుతున్నాను. ముల్లు గుచ్చి ఈగ వెళ్లిపోయినా విషపు తిత్తి చర్మం మీదే ఉండి లోపలికి తోడుతూనే ఉంటుంది. ఎలా తీయాలా అని ఆలోచించకండి, గోటితో గీకి పడేయండి. ఎంత త్వరగా అన్నదే లెక్క. ఆ చోట అరటిపండు లాంటి వాసన వస్తుంది. అది మిగతా ఈగలకు 'ఇక్కడే కుట్టండి' అని పిలుపు. కొంచెం పొగ వేసి పక్కకు జరగండి. పొగ ఆ పిలుపును కప్పేస్తుంది. పైగా ఈగలు తేనె తాగడంలో పడిపోతాయి. పొగ చల్లగా, తెల్లగా ఉండాలి. అరచేతి మీద ఊది చూసుకుని అప్పుడు పెట్టె మీదికి వెళ్లండి.

వాపు, దురద మామూలే. కుట్టిన చోట కాకుండా ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా వైద్యుని దగ్గరికి వెళ్లాలి. అందుకే మొదటిసారి ఒంటరిగా పెట్టె తెరవవద్దు.

రోబినియా గురించి: చెట్టు పూసేది పది రోజులు. ఆ పది రోజుల్లో వాన పడితే ఆ ఏటికి అంతే. ఏమీ లేని ఆ రుచి కోసం పెంపకందార్లు రాత్రికి రాత్రి పెట్టెలు లారీలకెత్తి ఆ చెట్ల దగ్గరికి చేర్చి, ఆ పూలు అవగానే తేనె తీసేయాలి. ఇంకో పువ్వు చుక్క కలిసినా రంగు మారిపోతుంది.

#13 వానకోయిల

ఇంతసేపు మౌనంగా చదివాను. ఒకటి అడగకుండా ఉండలేకపోతున్నాను. ఒక ఈగ బతుకంతా తిరిగితే చెంచాలో పన్నెండో వంతు తేనె అంటారు. అది వాటి చలికాలపు తిండి. మనం 'అరుదైన రుచి' అని గ్లాసుల్లో పోసుకుని వాసన చూస్తున్నది దొంగసొత్తు కాదా?

#14 పాతపెట్టె

వానకోయిల గారూ, దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. వాటికి కావలసిన దానికంటే ఎక్కువ దాచే అలవాటు తేనెటీగలకుంది, ఆ ఎక్కువలోంచి తీసుకుంటున్నాను అని నాకు నేను చెప్పుకుంటాను. పిల్లల గదిలోని తేనె ముట్టను. పైగదిలోది కూడా అంతా తీయను. కొందరు మొత్తం ఊడ్చి బదులుగా చక్కెర నీళ్లు పోస్తారు. అది మీరన్న మాటే.

మీరు అడగని ఇంకో మాట కూడా ఉంది. ఈగలను కాపాడాలి కాబట్టి పెట్టె పెడుతున్నాం అని కొత్తవాళ్లు చాలామంది అంటారు. పెంపుడు తేనెటీగలకు మనుషులున్నారు. ఒంటరిగా మట్టిలో, పుల్లల్లో గూడు కట్టుకునే వేల రకాల అడవి ఈగలకు ఎవరూ లేరు. పూలు తక్కువున్న చోట పెట్టెల మీద పెట్టెలు పెడితే వాటి నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టే. వాటికి మేలు చేయాలంటే పూలమొక్కలు నాటండి, మందులు చల్లడం మానండి. తేనె కోసం పెడుతున్నాను అని చెప్పుకోవడంలో కనీసం నిజాయితీ ఉంది.

#15 వానకోయిల

ఈ జవాబు ఊహించలేదు. ధన్యవాదాలు. నేను మొక్కల వైపు ఉంటాను.

#16 తేనెచుక్క

ఆదివారం వెళ్లొచ్చాను! చేతులు ఇంకా పొగ వాసన వస్తున్నాయి.

పెద్దాయన పెట్టె మూత కింద ఇనుప పట్టీ దూర్చి ఎత్తితే జిగురు విడిపోతూ 'టక్' మంది. నేను మొదట విన్నది హోరు కాదు, వాసన. 'విన్నది' అనే రాస్తున్నాను, మార్చను. వెచ్చని మైనం, తేనె, కొంచెం పుల్లని రొట్టె పిండి. ఆయన ఒక చట్రం నా చేతికిచ్చారు. ఇంత బరువుంటుందని తెలియదు. మధ్యలో మూసిన పిల్లల గదులు బిస్కెట్ రంగులో, వాటి చుట్టూ వంపుగా పుప్పొడి గదులు, పసుపు, నారింజ, ఒక్కచోట ముదురు ఊదా. పై మూలల్లో తెల్లని మూతల తేనె. ఎవరో గీసి రంగులు వేసినట్టు.

ఒక మూల ఈగ ఒకటి పిర్రలు ఆడిస్తూ కొంచెం దూరం నడవడం, చుట్టు తిరిగి వచ్చి మళ్లీ అదే చేయడం. 'పూలెక్కడున్నాయో చెబుతోంది' అన్నారు. నిట్టనిలువు నుంచి ఎంత వంగి నడిస్తే సూర్యుడి నుంచి అంత పక్కకు వెళ్లాలట. ఎంతసేపు ఆడిస్తే అంత దూరమట. ఇది కనిపెట్టిన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ ఇచ్చారని చదివాను గానీ, చీకటి పెట్టెలో జరిగే ఈ సంభాషణను నా బొటనవేలికి రెండు అంగుళాల దూరంలో చూడటం వేరు.

పాతపెట్టె గారు చెప్పిన నిలువు గుడ్డు కోసం చూశాను. నాలుగో చట్రంలో, వెలుగు వీపు మీది నుంచి పడేలా తిప్పితే కనబడింది. తెల్ల నూలుపోగు ముక్క అంత. కుట్టలేదు. వెళ్లేటప్పుడు కుట్టింది, పెట్టె దగ్గర కాదు, బండి దగ్గర.

#17 మైనపువత్తి

అభినందనలు. సంతోషం చెడగొట్టడానికి కాదు గానీ ఈగలకు పట్టే వర్రోవా అనే పురుగు గురించి ఎవరూ రాయలేదు, రాయాలి.

నా దగ్గర ఒక పట్టు ఉండేది, అన్నిటికంటే బలమైనది. ఆ ఏడు అందరికంటే ఎక్కువ తేనె ఇచ్చింది. పొంగిపోయి దాన్ని పరీక్షించలేదు. పూల కరువు మొదలయ్యాక ఒకరోజు చూస్తే గడప ముందు ముడుచుకున్న రెక్కలతో పాకుతున్న ఈగలు. నెల తిరిగేసరికి పెట్టెలో పిడికెడు ఈగలు, రాణి. మరుసటి వారం అవీ లేవు. తేనె మాత్రం నిండుగా ఉంది.

ఆవగింజకంటే చిన్న ఎర్రని పురుగు, పిల్లల గదిలో మూత కింద పెరుగుతుంది. ఆసియా తేనెటీగల మీద ఎప్పటి నుంచో ఉంది, వాటికి దాన్ని అదుపులో ఉంచే నేర్పుంది. ఐరోపా జాతి ఈగలకు అది లేదు. ఈగల సంఖ్య బాగా పెరిగిన పట్టులోనే పురుగూ బాగా పెరుగుతుంది, అదే దీని మోసం. అరకప్పు ఈగలను, అంటే దాదాపు మూడు వందలను, జల్లెడ మూత ఉన్న సీసాలో వేసి పొడి చక్కెర చల్లి దొర్లించండి. పురుగులు రాలి జల్లెడలోంచి కింద పడతాయి, ఈగలను తిరిగి పెట్టెలో వదిలేయవచ్చు. నూటికి మూడు దాటితే ఇంక ఆలస్యం చేయకూడదు. నెలకోసారి చేయండి, బాగున్నప్పుడు కూడా.

#18 నిక్కచ్చి

చీమల పరీక్ష ఫలితం. రెండు మూతల్లో, ఒకదానిలో చక్కెర పాకం, ఒకదానిలో నా కళ్ల ముందే పట్టు పిండిన తేనె. సాయంత్రం ఆరింటికి పెట్టాను. ఏడున్నరకు పాకానికి చీమలు పట్టాయి. నేను విజయగర్వంతో భోజనానికి వెళ్లాను. తొమ్మిదింటికి వచ్చి చూస్తే తేనెకు అంతకు రెట్టింపు పట్టాయి. వివరాలు అడగకండి.

#19 తేనెచుక్క

పద్నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. ఒక ఏడాది పొగ డబ్బా మోశాను. తర్వాత రెండు పెట్టెలు పెట్టాను. ఒకటి మధ్యలో గుంపుగా లేచి ఎదురింటి చెట్టు మీద వాలింది, పాత రాణితో సగం ఈగలు పోయాయి. తప్పు నాదే, కొత్త రాణి కోసం గదులు కడుతున్నాయని చూసి కూడా వారం ఆగాను. రెండోది నిలబడింది. చక్కెర పరీక్షలో నూటికి ఒకటే వచ్చింది.

నిన్న మూడు చట్రాలు తీశాను. అంచుల్లో రెండు వరుసలు తప్ప అన్నీ మూతలే. మిగతా ఐదూ వాటికే వదిలేశాను. వేడి కత్తితో మైనం కోస్తుంటే మూతల కింద నుంచి తేనె చెమ్మలా ఊరింది. తేమ 17.6 శాతం. మొత్తం నాలుగు కిలోలకు కాస్త తక్కువ.

గ్లాసులో పోసి మూత పెట్టి పావుగంట కూర్చున్నాను. ఇంత పొడుగైన పావుగంట నా జీవితంలో లేదు. మూత తీస్తే ముందు తడిగడ్డి, తర్వాత ఏదో పండు, ఆరిపోయాక మైనం. ఏ పువ్వో నాకు తెలియదు. చుట్టుపక్కల పూసిందంతా ఉంటుంది. మళ్లీ ఏడాది ఇదే పెట్టెలో ఇదే రుచి రాదని పెద్దాయన అన్నారు.

#20 నాలుకరాయుడు

'ఏదో పండు' అంటే కుదరదు. పచ్చిదా, మగ్గినదా, ఎండినదా? వెళ్లి మళ్లీ చూసి రండి.

#21 తేనెచుక్క

మగ్గినది. ముక్కు మూసి, వదిలి మరీ చూశాను.

#22 నిక్కచ్చి

అవన్నీ సరే. చీమలు పట్టాయా?

#23 తేనెచుక్క

రాత్రి ఒక సీసాకు మూత బిగించడం మరిచాను. పొద్దున్నకు కిటికీ నుంచి బల్ల దాకా బారు. మీ కోసం ఫోటో తీసి ఉంచాను.